రెండొందల రూపాయల లెక్క

ఫిబ్రవరి 28 వచ్చిందంటే బళ్లలో వ్యాసరచన పోటీలుంటాయి. పిల్లలు రాసే కాగితాల్లో ఒక వాక్యం తప్పనిసరిగా కనిపిస్తుంది: సి.వి.రామన్ 200 రూపాయల సామానుతో నోబెల్ బహుమతి తెచ్చారని. కొందరు 300 అంటారు, ఇంకొందరు 500 దాకా వెళ్తారు. అంకె ఏదైనా చెప్పదలచుకున్నది ఒకటే: బుర్ర ఉంటే చాలు, డబ్బెందుకు? వినడానికి బాగుంటుంది. పరిశోధనకు నిధులడిగేవాళ్లను కూర్చోబెట్టడానికి ఇంకా బాగుంటుంది.

రామన్ స్వయంగా లెక్కల మనిషి. ప్రొఫెసరు కాకముందు పదేళ్లు ఆర్థిక శాఖలో అధికారిగా పనిచేశారు. ఒక్క పద్దు రాసి మిగతావి ఎగ్గొట్టిన చిట్టా బల్ల మీదికొస్తే ఆయన సంతకం పెట్టి ఉండరు. ఆ ఎగ్గొట్టిన పద్దులేమిటో చూద్దాం.

రామన్ పుట్టింది 1888 నవంబరు 7న, తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో. తాను పుట్టేనాటికి తండ్రి జీతం నెలకు పది రూపాయలని ఆయనే తర్వాత సరదాగా చెప్పుకునేవారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో విశాఖపట్నం వచ్చి మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడం మొదలుపెట్టారు. పిల్లవాడికి అప్పటికి నాలుగేళ్లు నిండాయో లేదో. పదకొండో ఏట మెట్రిక్యులేషన్, పదమూడో ఏట ఎఫ్.ఎ., రెండూ విశాఖలోనే అయ్యాయి. బుద్ధి తెలిసిన వయసంతా సముద్రం పక్కనే గడిచిందన్నమాట. సముద్రం రంగు మీద ఆసక్తి అక్కడే పుట్టిందని రాయాలని చెయ్యి లాగుతుంది కానీ, దానికి ఆధారం లేదు. ఊరుకుందాం.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1904లో బి.ఎ. 1906 నవంబరులో లండన్‌ నుంచి వచ్చే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో మొదటి పరిశోధన వ్యాసం అచ్చయింది. అప్పుడాయన వయసు 18. ఆ మరుసటేడు ఎం.ఎ. పూర్తయింది, లోకసుందరితో పెళ్లయింది, ఆర్థిక శాఖ పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చింది, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్ ఉద్యోగమూ వచ్చింది. 1907లో ఈ దేశంలో సైన్సు చదువుకున్న కుర్రాడికి బతుకుతెరువు ప్రయోగశాలలో దొరికేది కాదు, ఖజానాలోనే దొరికేది.

కలకత్తాలో దిగిన కొత్తలో, ఆఫీసుకు పోయే దారిలో ఒక బోర్డు కనబడింది: ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్, 210 బౌబజార్ వీధి. తలుపు తట్టారు. తీసినాయన పేరు ఆశుతోష్ దే, అందరికీ ఆశుబాబు. లోపల ఉపన్యాసశాల ఉంది, ప్రయోగశాల ఉంది, పరికరాలున్నాయి. పనిచేసేవాడే లేడు.

ఎగ్గొట్టిన పద్దుల్లో మొదటిది ఈ భవనమే. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ చందాలు పోగుచేసి 1876లో దీన్ని స్థాపించారు. భారతీయులు తమంతట తాము సైన్సు చేయాలన్నది ఆయన పట్టుదల. 1904లో ఆయన పోయేనాటికి ఆ కోరిక తీరలేదు. రామన్ తలుపు తట్టింది 1907లో. అంటే 31 ఏళ్ల పాటు ఎవరో ఒకరు ఆ గదులకు సున్నం వేయించారు, అద్దాలు తుడిపించారు, చందాదారుల ఇళ్ల చుట్టూ తిరిగారు. ఆ ఖర్చు 200లో ఎక్కడుంది?

తర్వాతిది గంటల పద్దు. ఉద్యోగం చేసిన రోజుల్లో రామన్ పొద్దున అయిదున్నరకే అసోసియేషన్‌కు వెళ్లేవారు. 9.45కు ఇంటికొచ్చి స్నానం, గబగబా నాలుగు మెతుకులు, ఆఫీసు. సాయంత్రం అయిదుకు ఆఫీసు నుంచి ఇంటికి కాదు, మళ్లీ అసోసియేషన్‌కే. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నరో పదో. ఆదివారాలు పూర్తిగా అక్కడే. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు వేసుకున్నా రోజుకు ఎనిమిది. జీతమొచ్చే కొలువు ఒకటి, జీతం లేని కొలువు ఒకటి. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలకు రెండేళ్లు తీసేద్దాం. ఏడాదికి 300 రోజుల చొప్పున ఎనిమిదేళ్లంటే 19,200 గంటలు. ఇది నా ఉజ్జాయింపు లెక్కే, పైసలతో సహా సరిపోవాల్సిన పని లేదు. ఆ గంటల్లోంచి 30 దాకా పరిశోధన వ్యాసాలొచ్చాయి. వీణ, వయొలిన్, మృదంగం ఎలా మోగుతాయన్నది అప్పటి ఇష్టమైన విషయం. లోకసుందరమ్మ ఒంటరిగా గడిపిన సాయంత్రాలకు వేరే పుస్తకం కావాలి.

ఆశుబాబుకు యూనివర్సిటీ చదువు లేదు. 1919లో ఆయన ఒక్కరి పేరుతో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వ్యాసం అచ్చయింది. రామన్ దానికి చిన్న పరిచయం రాసి సరిపెట్టుకున్నారు. రామన్ గురించి మంచీ చెడూ చాలా చెబుతారు. మంచివైపు నేను ముందుగా రాసేది ఇదే.

1917లో జీతం పద్దు మారింది. అశుతోష్ ముఖర్జీ చొరవతో కలకత్తా విశ్వవిద్యాలయంలో తారక్‌నాథ్ పాలిత్ ఇచ్చిన విరాళంతో ఒక ప్రొఫెసరు పదవి అప్పటికే ఏర్పడి ఉంది. దానికి విదేశంలో శిక్షణ పొందాలని షరతు. నేను వెళ్లనన్నారు రామన్. షరతునే సడలించారు. ప్రభుత్వ కొలువులో పైకి పాకుతున్న అధికారి దాదాపు సగం జీతానికి మాస్టారు అయ్యారు. ఇంట్లో వద్దన్నవాళ్లు లేకుండా ఉంటారా!

1921లో ఆక్స్‌ఫర్డ్ సమావేశానికి మొదటిసారి ఇంగ్లండు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో ఎస్.ఎస్. నార్కుండా ఓడ మీద జరిగిందే బడి పుస్తకాల్లో ఉన్న కథ. ఆ కథను కాస్త దిద్దాలి. సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ అంతటివాడు చెప్పి ఉన్నాడు. రామన్ జేబులో నికోల్ పట్టకం ఉండేది, వేలెడు స్ఫటికపు ముక్క. నీటి ఉపరితలం మీద నుంచి ఒకానొక వాలులో, నిట్టనిలువు నుంచి 53 డిగ్రీల దగ్గర, తిరిగొచ్చే వెలుతురు ఒకే దిశలో కంపిస్తుంది. ఆ కోణంలో పట్టకాన్ని కంటికి పెట్టుకుని తిప్పితే ప్రతిబింబం ఆరిపోతుంది. ఆకాశం మాయమైంది కాబట్టి రేలీ ప్రకారం నీలం కూడా పోవాలి. పోలేదు, ఇంకా చిక్కబడింది. ఆ నీలం నీటి అణువులు వెలుతురును చెదరగొట్టగా వచ్చిందేనన్నారు రామన్. బొంబాయి రేవు చేరగానే నేచర్ పత్రికకు రాసిన ఉత్తరం మీద తేదీ సెప్టెంబరు 26.

చాలామంది కథను ఇక్కడి నుంచి నేరుగా నోబెల్‌కు దూకిస్తారు. ఓడ మీద తేలింది రామన్ ఎఫెక్ట్ కాదు. వెలుతురు చెదిరినప్పుడు రంగు మారకపోవడమే అప్పటికి తెలిసిన సంగతి. నీలం వెళ్తే నీలమే తిరిగొస్తుంది. రంగు మారి కూడా వస్తుందని తేలడానికి ఓడ దిగాక ఇంకా ఆరేళ్ల అయిదు నెలలు పట్టింది. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద పద్దు అదే.

1923లో రామన్ శిష్యుడు రామనాథన్ శుద్ధి చేసిన నీటిలో ఏదో అంతుపట్టని బలహీనమైన వెలుగు చూశాడు. మలినం వల్లేమో అనుకున్నారు. నీటిని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. వెలుగు పోలేదు. తర్వాత కె.ఎస్.కృష్ణన్ వచ్చి 65 ద్రవాలను శుద్ధి చేసి పరీక్షించాడు. వెంకటేశ్వరన్ అనే మరో కుర్రాడికి గ్లిజరిన్‌లో నీలం బదులు ఆకుపచ్చ మెరుపు కనబడింది. అతనికి పగలు ప్రభుత్వ పరీక్షశాలలో ఉద్యోగం. ప్రయోగానికి కావలసిందేమో ఎండ. గురువుగారు పదేళ్ల కిందట పడ్డ పాట్లే శిష్యుడివీ. 1927లో ఎక్స్-కిరణాలు చెదిరితే వాటి తరంగదైర్ఘ్యం మారుతుందని చూపిన కాంప్టన్‌కు నోబెల్ వచ్చింది. ఆ శీతాకాలంలో రామన్ వాల్తేరులో ఉన్నప్పుడు కాంప్టన్ ఫలితం మీద లెక్కలు వేశారు. ఎక్స్-కిరణాలకు జరిగేది మామూలు వెలుతురుకు ఎందుకు జరగదు?

ఇంత ఆలస్యం ఎందుకయిందో తెలియాలంటే బియ్యం బస్తాల లెక్క వేసుకోవాలి. ద్రవంలో చెదిరిన ఫోటాన్లలో, అంటే వెలుతురు రేణువుల్లో, రంగు మారి వచ్చేది రమారమి కోటికి ఒకటి. సన్నబియ్యం గింజ 15 మిల్లీగ్రాములు అనుకుంటే 25 కిలోల బస్తాలో దాదాపు 17 లక్షల గింజలుంటాయి. ఆరు బస్తాలకు కోటి. ఆ ఆరు బస్తాలూ నేల మీద గుమ్మరించి, రంగు తేడా ఉన్న ఒక్క గింజను చీకటి గదిలో కంటితో పట్టుకోవాలి.

పట్టుకున్న పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. కిటికీకి ఉన్న రంధ్రం గుండా ఎండ వస్తుంది. దారిలో నీలి-ఊదా అద్దం పెట్టారు. నీలం తప్ప మిగతా రంగులన్నీ అక్కడే ఆగిపోతాయి. నీలపు కిరణం గాజుబుడ్డిలోని ద్రవంలోకి దిగుతుంది. చూసేవాడి కంటి ముందు ఇంకో అద్దం ఉంటుంది. అది పసుపు-ఆకుపచ్చల్నే పోనిస్తుంది, నీలాన్ని ఆపేస్తుంది. రెండు అద్దాలూ ఒకదాని మీద ఒకటి పెడితే కటిక చీకటి. నీలం నీలంగానే తిరిగొస్తే ఏమీ కనబడకూడదు. కానీ చీకటికి కళ్లు అలవాటు పడ్డాక బుడ్డి మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడింది. లోపలికి వెళ్లని రంగు బయటికి వచ్చింది.

ఎండ అంటే మామూలు ఎండ కాదు. 7 అంగుళాల దుర్భిణి ఒకటి పెట్టి, దానికి కురచ నాభ్యంతరమున్న కటకం జోడించి, వెలుతురంతా సన్నటి పుల్లలా కేంద్రీకరించారు. పిల్లలు కాగితం కాల్చడానికి వాడే రెండంగుళాల భూతద్దం కన్నా ఇది 12 రెట్లు ఎక్కువ ఎండను పోగుచేస్తుంది. 200 రూపాయల కథ చెప్పేవాళ్లు జేబులో పట్టే స్పెక్ట్రోస్కోపును లెక్కేస్తారు. ఏడంగుళాల దుర్భిణి ఎవరింటి అటక మీదా ఉండదు.

కృష్ణన్ 1928 ఫిబ్రవరిలో డైరీ రాశాడు. ఫిబ్రవరి 7 రాత్రి భోజనాలయ్యాక అతనూ వెంకటేశ్వరన్ గదిలో కబుర్లు చెప్పుకుంటున్నారు. సుమారు తొమ్మిదింటికి కింద నుంచి పిలుపు. దిగి చూస్తే రామన్! పొద్దున చూసింది క్రామర్స్, హైజెన్‌బర్గ్ కాగితం మీద ఊహించిన ప్రభావమే అయ్యుండాలని చెప్పడానికి నడిచొచ్చారు. అప్పటికాయన రాయల్ సొసైటీ సభ్యుడు, సర్వత్రా పేరున్న ప్రొఫెసరు, నలభైకి దగ్గరపడ్డ మనిషి. తెల్లారేదాకా ఆగలేకపోయారు.

ఫిబ్రవరి 28 మధ్యాహ్నం స్పెక్ట్రోస్కోపులోంచి చూశారు. లోపలికి పంపిన రంగు ఒకచోట, కొత్తగా వచ్చిన రంగు ఇంకోచోట, రెంటికీ మధ్య నల్లటి పట్టీ. ఆ నల్లటి పట్టీయే అసలు సాక్ష్యం. రంగు కొంచెం కొంచెంగా జారి చెదిరి ఉంటే మధ్యలో ఖాళీ ఉండేది కాదు. ఖాళీ ఉందంటే ప్రతి ఫోటానూ ఒకే కొలతలో ఏదో వదిలేసి వస్తోందన్నమాట.

ఎంత వదిలేసిందో పాదరసం దీపం, బెంజీన్ తీసుకుని లెక్కేద్దాం. ఆ దీపపు నీలి-ఊదా గీత 435.8 నానోమీటర్లు. సెంటీమీటరు పొడవులో ఎన్ని అలలు పడతాయని కొలిస్తే 22,946. బెంజీన్ అణువు అందులోంచి 992 ఉంచుకుంటుంది. మిగిలింది 21,954. మళ్లీ నానోమీటర్లలోకి మారిస్తే 455.5, అదే నీలంలో ఇంకో ఛాయ. ఇప్పుడు అదే దీపంలోని ఆకుపచ్చ గీత, 546.1, పంపండి. 18,312లోంచి 992 పోతే 17,320. అంటే 577.4, పసుపు. ఏ రంగు పంపినా బెంజీన్ ముఖ్యంగా పట్టుకునేది అదే 992. వజ్రానికయితే 1,332. అణువులో పరమాణువులు ఎంత వేగంగా ఊగుతాయో దాన్నిబట్టి ఈ అంకె వస్తుంది. ఏ రెండు పదార్థాల అంకెల పట్టికా ఒకటిగా ఉండదు. వేలిముద్రకు అంకెలు వేసినట్టు.

మర్నాడు ఫిబ్రవరి 29, లీపు సంవత్సరం. రామన్ వార్తను పత్రికలవాళ్లకు ఇచ్చేశారు. తొందరెందుకని అప్పుడే కొందరు నొసలు చిట్లించారు. ఆ తొందర ఎంత అవసరమో తర్వాత తెలిసింది. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే ఇద్దరు స్ఫటికాల్లో ఇదే ప్రభావాన్ని ఫిబ్రవరి 21న, అంటే కలకత్తా కన్నా వారం ముందే, చూశారు. వాళ్ల వ్యాసం అచ్చయింది జులై 13న. రామన్, కృష్ణన్ ఉత్తరం నేచర్‌లో అచ్చయింది మార్చి 31న. అందులో 60 ద్రవాలను పరీక్షించామని ఉంది. వారం వెనకబడి మూడున్నర నెలలు ముందుకొచ్చారు. రష్యాలో ఆ బాధ చాలాకాలం ఉండిపోయింది. తప్పుపట్టలేం.

1930లో నోబెల్ వచ్చింది. ప్రకటన నవంబరులో. స్వీడన్‌కు ఓడ టిక్కెట్లు రామన్ జులైలోనే కొనేశారు, ఒకటి కాదు, రెండు. బహుమతి మీద పేరు మాత్రం ఒక్కటే. కృష్ణన్ పేరు కూడా ఉండాల్సిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నేను వాళ్ల పక్షమే, కానీ సగం దాకా. కోటికి ఒక గింజను కళ్లు కాయలు కాసేలా వెతికింది కృష్ణన్. ఏడేళ్లు అటుపక్కే వెతకమని, మలినం కాదని, ఎందరు కుర్రాళ్లు మారినా వదలనిది రామన్.

ఆ తర్వాత చివరి 37 ఏళ్లు బెంగళూరులో. 1933లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తొలి భారతీయ డైరెక్టరు. నాలుగేళ్లలో గొడవలు ముదిరి ఆ కుర్చీ పోయింది, ప్రొఫెసరుగా 1948 దాకా ఉన్నారు. ఆ ఏడే సొంత సంస్థ పెట్టుకున్నారు. స్ఫటికాల కంపనాల మీద మాక్స్ బోర్న్‌తో ఏళ్ల తరబడి వాదించారు. అందులో నెగ్గింది బోర్న్. ఖర్చు వైపు రాయాల్సినవి ఇంకా ఉన్నాయి. బొంబాయి విశ్వవిద్యాలయంలో మొదటి స్థానం తెచ్చుకున్న కమలా భగవత్, పెళ్లయ్యాక కమలా సోహొనీ, 1933లో ఇన్‌స్టిట్యూట్‌లో చేరతానని వస్తే ఆడపిల్లని కాదన్నారు. ఆమె పట్టు విడవకపోతే ఏడాది పరీక్షగా చూస్తామని షరతు పెట్టి చేర్చుకున్నారు. ఆమె 1939లో కేంబ్రిడ్జి డాక్టరేటు తెచ్చుకున్నారు. 1940లో ఆయన ప్రయోగశాలలో చేరిన అన్నా మణి వజ్రాలు, కెంపుల మీద పనిచేశారు. ఒక్కో ఫొటో పలకకు 15 నుంచి 20 గంటల వెలుతురు పట్టాలి, రాత్రుళ్లు ప్రయోగశాలలోనే నిద్ర. అయిదు వ్యాసాలు ఒక్కరే రాశారు. ఎం.ఎస్‌సి. లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు.

జమ వైపు తెలుగువాళ్లకు ఒక పెద్ద పద్దుంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, హైదరాబాదు నిజాం కాలేజీలో డిగ్రీ చేసి 1928లో నేరుగా రామన్ దగ్గరకు వెళ్లారు. కొత్త ప్రభావం కనుక్కున్న ఏడే! 1930ల మొదట్లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. రామన్ ఎఫెక్ట్ మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. ఏ అణువుకు ఎన్ని గీతలు రావాలో ముందే గణితంతో చెప్పే పద్ధతి మీద గణితజ్ఞుడు టి.వెంకటరాయుడితో కలిసి 1948లో ఇంకో పుస్తకం తెచ్చారు. గురువుగారు చదువుకున్న ఊళ్లోనే ఇదంతా. తర్వాత భగవంతం గురువుగారి పాత కుర్చీలోనే బెంగళూరులో డైరెక్టరయ్యారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారూ అయ్యారు.

మొదటి ఏడేళ్లలోనే రామన్ ఎఫెక్ట్ మీద ప్రపంచంలో 700కు పైగా వ్యాసాలొచ్చాయి. ఆ తర్వాత కొంత మందగించింది. కోటికి ఒక గింజ అన్న చిక్కు అలాగే ఉంది మరి. 1960లో లేజర్ వచ్చాక ఆ చిక్కు విడింది. ఎండను ఏడంగుళాల దుర్భిణితో పోగుచేసే పని లేకుండా ఒకే రంగు వెలుతురు కావలసినంత దొరికింది. ఇవాళ రత్నాల పరీక్షశాల ఒక రాయి వజ్రమో కాదో 1,332 చూసి చెబుతుంది. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ బండి రెండు రామన్ పరికరాలతో అక్కడి రాళ్లను చదువుతోంది. రామన్ 1970 నవంబరు 21న పోయారు. లేజర్‌ను చూశారు, ఇవి చూడలేదు.

చిట్టా మూయకముందు ఒక్క మాట, వ్యాసం దిద్దే మాస్టార్లకు. పిల్లవాడు 200 రూపాయలని రాస్తే మార్కులు తీసేయకండి. పక్కన ఎర్ర సిరాతో 31 ఏళ్లు, 19,200 గంటలు, సగం జీతం, 65 ద్రవాలు, ఏడంగుళాలు అని రాసివ్వండి.

210 బౌబజార్ వీధి పేరు ఇప్పుడు బిపిన్ బిహారీ గంగూలీ వీధి. అసోసియేషన్ జాదవ్‌పూర్‌కు ఎప్పుడో తరలిపోయింది. ఆ చిరునామాలో ఇవాళ ఉన్నది గోయెంకా కామర్స్ కాలేజీ. అక్కడ చెప్పేది అకౌంటెన్సీ.